అక్క ఇచ్చిన సీసా, బుగ్గ మీద మచ్చ

పేరు వేయొద్దంటూ ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. అంతా ఇక్కడ పెట్టడం కుదరదు కాబట్టి ముఖ్యమైనది చెప్తాను.

ఆవిడకి 33 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. చిన్నదానికి మూడేళ్లు. రెండో కాన్పు తర్వాత రెండు బుగ్గల మీదా మంగు వచ్చింది. అత్తగారు, తోడికోడలు కుటుంబం, వీళ్లు అందరూ ఒకే ఇంట్లో కిందా పైనా ఉంటారు. బావగారి ఉద్యోగం పోయి ఏడాది దాటింది. ఇల్లు గడవడానికి తోడికోడలు ఎసెన్షియల్ ఆయిల్స్, అంటే మొక్కల నుంచి తీసే ఘాటైన వాసన నూనెలు, అమ్మే ఒక గొలుసుకట్టు వ్యాపారంలో చేరారు. ఆవిడని మన పాఠకురాలు అక్క అనే పిలుస్తారు. అక్కకి తొలి కస్టమర్ ఈవిడే. లెమన్ ఎసెన్షియల్ ఆయిల్ సీసా చేతిలో పెట్టి అక్క మూడు పనులు చెప్పింది. పొద్దున్నే గ్లాసు నీళ్లలో రెండు చుక్కలు వేసుకుని తాగాలి. స్నానం చేశాక మచ్చల మీద రాసుకోవాలి. పిల్లల గదిలో డిఫ్యూజర్, అంటే నూనె వాసనని గాలిలోకి వదిలే పరికరం, పెట్టి రాత్రంతా వదిలేయాలి.

"మొదటి వారం నిజంగానే బాగుంది. ఇల్లంతా వాసన. ఏడాది తర్వాత అక్క మొహంలో నవ్వు చూశాను. పదో రోజు పొద్దున నూనె రాసుకుని, బండి మీద పిల్లల్ని దింపి ఎండలో తిరిగొచ్చాను. మర్నాటికి బుగ్గ ఎర్రబడి మంట మొదలైంది. వారానికి మంట తగ్గింది గానీ కాలినట్టు ముదురు రంగు పట్టీ మిగిలింది. అక్కనడిగితే లోపలి విషం బయటికి వస్తోంది, ఆపకు అంది" అని రాశారు. అత్తగారికి ఆస్తమా ఉంది. డిఫ్యూజర్ పెట్టిన రాత్రుళ్లు దగ్గు ఎక్కువవుతోంది, పెద్దకోడలు చేస్తున్న పని కదా అని ఆవిడ నోరు మెదపట్లేదు. భర్తేమో "చెత్తబుట్టలో పడేయ్, గొడవ వదిలిపోతుంది" అంటున్నారు. ఇప్పుడు అక్క ఇంకో రెండు సీసాలు తీసుకోమంటోంది. పైగా ఈవిడ ఫొటో పెట్టి, మచ్చలు తగ్గుతున్నాయని తన గ్రూపులో చెప్పుకుంటానంటోంది.

ఉత్తరం ఇలా ముగిసింది: "ఈ నూనె మంచిదో చెడ్డదో చెప్పండి చాలు. మంచిదైతే ఓర్చుకుంటాను. చెడ్డదైతే అక్కతో తెగతెంపులే."

మీ చివరి మాట దగ్గరే నాకు పేచీ. ఒక సీసా గురించి నేను చెప్పే మాట మీద పదేళ్ల అనుబంధాన్ని నిలబెట్టకండి. అదీగాక మీ ప్రశ్నకి ఒక్క మాటలో జవాబు లేదు. అదే నూనె ముక్కుకి ఒకటి, చర్మానికి ఒకటి, కడుపుకి ఇంకొకటి. మీ చేత మూడూ ఒకేసారి చేయించారు. అందుకే మంచీ చెడూ కలిసిపోయి మీకు అర్థం కావట్లేదు. విడదీసి చూద్దాం. నేను డాక్టర్ని కాను, మీ బుగ్గని చూడలేదు. తెలిసినంతవరకు చెప్తాను, చర్మ వైద్యుల దగ్గరికి మాత్రం మీరు ఈ వారమే వెళ్లాలి.

ముందు బుగ్గ సంగతి, ఎందుకంటే అది ఆగేది కాదు. ముఖానికి ఆ నూనె రాయడం ఇవాళ్టి నుంచే మానేయండి. నిమ్మతొక్కని మడిచి నొక్కితే సన్నటి తుంపర చిమ్ముతుంది చూశారా, సీసాలో ఉన్నది అదే. తొక్కల్ని వేడి చేయకుండా యంత్రంతో పిండి తీస్తారు. అలా పిండినప్పుడు వాసననిచ్చే పదార్థాలతో పాటు ఫ్యూరానోకూమరిన్లు అనేవి కూడా నూనెలోకి దిగుతాయి. నీడలో ఉన్నంతసేపూ వాటివల్ల ఏమీ కాదు. చర్మం మీద అవి ఉండగా ఎండ తగిలితే, ఎండలోని యూవీఏ కిరణాలతో కలిసి చర్మ కణాలని కాల్చేస్తాయి. తమాషా ఏమిటంటే ఆ మంట అప్పటికప్పుడు రాదు. ఒకటి రెండు రోజులు ఆగి వస్తుంది. అందుకే చాలామంది దాన్ని నూనెతో ముడిపెట్టరు, నిన్న తిన్నదేదో పడలేదనుకుంటారు. మంట చల్లారాక అక్కడ నల్లటి మచ్చ మిగిలి నెలల తరబడి ఉండొచ్చు. మీరు రాసిన వరస, అంటే పొద్దున రాయడం, ఎండలో తిరగడం, మర్నాడు మంట, వారానికి మచ్చ, అచ్చం ఇలాగే ఉంది. అలర్జీ కూడా కావచ్చు, తేల్చాల్సింది డాక్టరే. వెళ్లేటప్పుడు సీసా వెంట తీసుకెళ్లండి.

లోపలి విషం బయటికి రావడం అనేది లేదు. మన శరీరంలో అక్కర్లేనివి బయటికి పంపే పని కాలేయం, మూత్రపిండాలు చూసుకుంటాయి, బుగ్గలోంచి పంపవు. మంట పుడితే మందు పనిచేస్తోందని నమ్మించే మాట ఎక్కడ విన్నా సరే, వెంటనే ఆపేయడమే మంచిది.

ఇంకో బాధాకరమైన సంగతి చెప్పాలి. మంగుకి ఎండా, చర్మం రేగడమూ రెండూ శత్రువులే. మీరు రాసిన నూనె ఆ రెంటినీ కలిపి తెచ్చింది. కాబట్టి డాక్టర్ని కలిసేదాకా మచ్చని రుద్దకండి, వంటింటి చిట్కాలేవీ పెట్టకండి, నిమ్మరసం అసలే వద్దు. బయటికెళ్తే సన్‌స్క్రీన్, గొడుగు, ముఖానికి చున్నీ, ఏది వీలైతే అది.

"విటమిన్ సి ఉంటుంది కదా, చర్మానికి మంచిదని అక్క చెప్పింది" అని మీరు రెండో పేజీలో రాశారు. నిమ్మ అనగానే అందరికీ తట్టేది అదే. కానీ విటమిన్ సి నీళ్లలో కరిగేది. అది పండు రసంలో ఉంటుంది, తొక్క నుంచి తీసిన నూనెలోకి రాదు. ఆ సీసాలో విటమిన్ సి కోసం వెతకడం, కొబ్బరి చిప్పలో కొబ్బరినీళ్లు వెతకడం లాంటిది.

మీ సీసా మీద ఏం రాసి ఉందో మీరు రాయలేదు, ఒకసారి చూడండి. నిమ్మనూనె అనే మాట మనవాళ్లు చాలావాటికి వాడేస్తారు. లెమన్‌గ్రాస్ అంటే నిమ్మగడ్డి, అది వేరే మొక్క, వేరే నూనె. లెమన్ అయితే సిట్రస్ లిమోన్ అని శాస్త్రీయ నామం ఉండాలి. మనం మామూలుగా నిమ్మకాయ అనే చిన్నకాయ చాలాసార్లు లైమ్ జాతిది, దాని తొక్క పిండిన నూనె ఎండలో ఇంకా ఎక్కువ కాలుస్తుంది. సీసా మీద కోల్డ్ ప్రెస్డ్, అంటే వేడి చేయకుండా పిండినది, అని ఉంటే నేను పైన చెప్పినదంతా దానికి వర్తిస్తుంది. స్టీమ్ డిస్టిల్డ్, అంటే ఆవిరి పట్టి తీసినది, అని ఉంటే ఎండ భయం దాదాపు లేనట్టే, ఎందుకంటే ఆ ఫ్యూరానోకూమరిన్లు బరువైనవి, ఆవిరితో పైకి లేవవు. ఫ్రాగ్రెన్స్ ఆయిల్ అని ఉంటే అది తొక్క నూనె అన్న నమ్మకమే లేదు, వాసన కోసం కలిపిన సరుకు.

అసలు చర్మం మీద వాడకూడదా అంటే, పద్ధతుంది. కోల్డ్ ప్రెస్డ్ లెమన్ నూనెని ఎండ తగిలే చర్మం మీద ఉంచేసే వాటిలో 2 శాతం మించి కలపకూడదని సెంట్లు, పరిమళాలు తయారుచేసే పరిశ్రమ నియమం పెట్టుకుంది. అంటే 30 మిల్లీలీటర్ల కొబ్బరినూనెలోనో బాదం నూనెలోనో ఇంచుమించు 12 చుక్కలు. అంతకన్నా చిక్కగా రాసుకుంటే ఆ చోటికి 12 గంటల దాకా ఎండ తగలనివ్వకూడదంటారు. మీకు ఇచ్చిన సలహా ఏమిటి? ఏమీ కలపకుండా, పొద్దున పూట, ముఖానికి. మూడూ తలకిందులే. ఈ లెక్కంతా ఇంకొకరికి పనికొస్తుందని రాశాను. మంగు ఉన్న మీ ముఖానికి ఆ 2 శాతం కూడా వద్దు.

ఇక తాగడం. నూనె నీళ్లలో కలవదని మనకి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఎసెన్షియల్ ఆయిల్ విషయంలో ఎందుకో మర్చిపోతాం. గ్లాసులో వేసిన ఆ రెండు చుక్కలు పైనే తేలుతూ, ఏమీ కలవని ఉత్త నూనెగానే పెదాలకీ గొంతుకీ తగులుతాయి. ఈ నూనెని తినే వస్తువుల్లో రుచి కోసం వాడతారన్నది నిజమే, కానీ అక్కడ కలిపేది చాలా కొద్ది మోతాదు. దాన్ని చూపించి రోజూ మందులా తాగమనడం వేరు. కొవ్వు కరుగుతుందనీ, రక్తం శుద్ధవుతుందనీ చెప్పేవాటికి ఆధారం లేదు. మానేస్తే మీకు పోయేదేమీ లేదు. నిమ్మ రుచి కావాలంటే పండు పిండుకోండి, అందులో కనీసం విటమిన్ సి ఉంది.

ఇక్కడే చిన్నమ్మాయి గురించి ఒక మాట. సీసా ఆ పిల్లకి అందని చోట, తాళం ఉన్న అరలో పెట్టండి. మంచి వాసన వస్తే పిల్లలు తాగేస్తారు. ఇలాంటి పల్చటి నూనె పొరపాటున మింగితే, దగ్గులోనో వాంతిలోనో ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రమాదం తెస్తుంది. అందుకని బలవంతంగా వాంతి చేయించకూడదు. సీసాతో సహా ఆస్పత్రికి పరుగెత్తడమే.

ఇంత చెప్పాక, మొదటి వారం బాగుందన్నారే, అది మీ భ్రమ కాదు. ఈ నూనె గొప్పంతా దాని వాసనలోనే ఉంది. అమెరికాలో ఓహయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2008లో 56 మందితో ఒక పరీక్ష చేశారు. లెమన్ వాసన, లావెండర్ వాసన, ఉత్త నీళ్లు, ఈ మూడూ పెట్టి చూశారు. లెమన్ వాసన చూసినప్పుడు మనసు ఉల్లాసంగా ఉందని తేలింది. అదే పరీక్షలో గాయం మానడం, నొప్పి, రోగనిరోధక శక్తి కూడా కొలిచారు. వాటిలో మాత్రం ఏ వాసనా మేలు చేసినట్టు తేలలేదు. అమ్మేవాళ్లు మొదటి సగం చెప్పి రెండో సగం దగ్గర ఆగిపోతారు. 2014లో ఇరాన్‌లో 100 మంది గర్భిణుల మీద చేసిన పరీక్షలో, ఈ వాసన పీలిస్తే వేవిళ్ల వికారం కొంత తగ్గిందని కూడా వచ్చింది. రెండూ చిన్న పరీక్షలే, అయినా వాసన వల్ల కాస్త హాయిగా ఉంటుందంటే నమ్మొచ్చు. మీ ఇంట్లో ఏడాదిగా ఉన్న టెన్షన్‌కి ఆ హాయి చిన్న విషయమేమీ కాదు.

కానీ రాత్రంతా డిఫ్యూజర్, అదీ పిల్లల గదిలో, ఎందుకు? అరగంట పెడితే చాలు, తలుపులూ కిటికీలూ తెరిచి. ఆ తర్వాత ముక్కు ఆ వాసనకి అలవాటు పడిపోతుంది, మీకు తెలియను కూడా తెలియదు. ఊపిరితిత్తులు మాత్రం పీలుస్తూనే ఉంటాయి. ఈ నూనెలో మూడింట రెండొంతుల దాకా లిమోనీన్ అనే పదార్థం ఉంటుంది. గాలిలో ఓజోన్ ఉంటే లిమోనీన్ దానితో కలిసి ఫార్మాల్డిహైడ్ అనే హానికరమైన వాయువునీ కంటికి కనబడని సన్నటి కణాలనీ పుట్టిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి అరగంటలో ఏమీ కాకపోవచ్చు. ఆస్తమా ఉన్నవాళ్లకి ఘాటైన వాసనే ఒక్కోసారి దగ్గు తెప్పిస్తుంది. మీ అత్తగారి దగ్గు దీనివల్లే అని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. వారం పాటు డిఫ్యూజర్ ఆపి చూడండి, తెలిసిపోతుంది. దగ్గు తగ్గితే ఆవిడ ఉన్న ఇంట్లో ఇక అది వద్దు. తగ్గకపోతే ఆవిడ డాక్టర్‌కి చూపించాల్సింది వేరే ఏదో ఉంది.

సీసాలో మిగిలిన నూనె ఏం చేయాలంటారా? పారేయనక్కర్లేదు. లిమోనీన్ జిడ్డుని బాగా కరిగిస్తుంది. కొత్త డబ్బాల మీద గీకినా వదలని స్టిక్కర్ జిగురుంటుంది కదా, గుడ్డ మీద రెండు చుక్కలు వేసి రుద్దితే ఊడొస్తుంది. నేను ఒకసారి ఈ సరదాలో చెక్క టేబుల్ మీద స్టిక్కర్ తీయబోయి పాలిష్ కూడా తీసేశాను. ఇప్పటికీ అక్కడ అరచేయంత తెల్లమచ్చ, ఎవరైనా వస్తే దాని మీద పేపర్ పెడతాను. ప్లాస్టిక్ మీదా చూసుకుని వాడండి, థర్మాకోల్‌నైతే కరిగించేస్తుంది. చేతికి గ్లౌజులు వేసుకోండి. అంటుకునే గుణం ఉంది కాబట్టి నూనె తడిసిన గుడ్డని పొయ్యి దగ్గర వదలొద్దు. మూత తీసిన తేదీ సీసా మీద రాసి చల్లటి చీకటి చోట పెట్టండి. గాలి తగిలే కొద్దీ లిమోనీన్ మారిపోయి, చర్మానికి అలర్జీ తెప్పించేదిగా తయారవుతుంది. ఏడాది దాటిన సీసాని ఒంటికి తగలనివ్వకూడదు.

నూనె అయింది. అక్క సంగతికి వద్దాం, అసలు మీ ఉత్తరంలో బరువంతా అక్కడే ఉంది.

మీరు ఓర్చుకుని ఆ రెండు సీసాలు కొన్నారనుకోండి. ఈ నెల ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. వచ్చే నెల ఇంకో రెండు. అక్కకేమో తన సరుకు బాగానే పనిచేస్తోందనిపిస్తుంది, ఇంకొకరి ముఖానికి కూడా రాయిస్తుంది. ఆ రెండో మనిషి తోడికోడలు కాదు, ఊరుకోదు. మీ మౌనం అక్కకి మేలు చేస్తోందనుకుంటున్నారు గానీ, అది ఆవిడని ఆ గొడవ వైపే నెడుతోంది.

మీవారు చెప్పినట్టు చెత్తబుట్టలో పడేశారనుకోండి. నూనె పీడ విరగడవుతుంది. కానీ ఒకే ఇంట్లో పైనా కిందా ఉండేవాళ్లకి చెత్తబుట్ట దాగదు. పారేసింది నూనె అని మీరనుకుంటారు, తన కష్టాన్ని పారేశారని అక్క అనుకుంటుంది. మగవాళ్లకి ఇలాంటి పరిష్కారాలు తొందరగా తడతాయి, తర్వాత మెట్ల మీద ఎదురుపడేది మీరిద్దరూ కదా.

ఇంకొక దారి, అక్కని ఒక్కదాన్నే కూర్చోబెట్టి చెప్పడం. ఇది సులువని నేననను. లోపలి విషం అన్న మాట ఆవిడ పుట్టించింది కాదు, పైవాళ్లు నేర్పింది. ఆవిడ మిమ్మల్ని మోసం చేయలేదు, తను నమ్మిందే మీకు చెప్పింది. కాబట్టి "నువ్వు అబద్ధం చెప్పావు" అన్నట్టు మొదలైతే మాట అక్కడే తెగిపోతుంది. "అక్కా, నా మీద కోపం తెచ్చుకోకు, నా బుగ్గ చూడు. ఎండలోకెళ్లే ముందు రాయకూడదని నీకు ఎవరూ చెప్పలేదా?" అని అడగండి. తప్పు ఆవిడ మీద నుంచి ఆవిడకి సగం సగం నేర్పినవాళ్ల మీదికి జరుగుతుంది, న్యాయంగా ఉండాల్సింది కూడా అక్కడే. కస్టమర్ బుగ్గ కాలితే కంపెనీ వాళ్లు రారు, నిన్నే నిలదీస్తారని కూడా చెప్పండి. ఆవిడకి వినబడే మాట అది. అప్పుడు అక్క గదికి మంచి వాసన, జిడ్డు వదిలించడం, ఇంతవరకే చెప్పి అమ్ముకోవచ్చు. అమ్మకాలు తగ్గుతాయి, అది నిజం. వినకుండా అలిగి పది రోజులు మాట్లాడకపోవచ్చు కూడా. దానికి సిద్ధపడే వెళ్లండి.

ఆ గొలుసుకట్టు వ్యాపారం గురించి నాకు వేరే దిగులుంది. ఇలాంటి వాటిలో సరుకు అమ్మి వచ్చేదానికన్నా కింద మనుషుల్ని చేర్చితే వచ్చేదే ఎక్కువ. కింద ఎవరూ చేరకపోతే, లెక్క తప్పకుండా ఉండటానికి తనే సరుకు కొని ఇంట్లో పెట్టుకోవాల్సి వస్తుంది. ఇప్పటిదాకా ఎంత కొంది, ఎంత అమ్మింది, ఒక కాగితం మీద రాసి చూసుకోవాలి. కానీ ఆ మాట మీ నోటి నుంచి రాకూడదు. ఇంట్లో ఖాళీగా ఉన్న బావగారు ఆ లెక్క రాస్తే బాగుంటుంది, ఆయనకీ ఒక పనవుతుంది. మీవారు తన అన్నయ్యతో ఆ మాట అనగలరేమో చూడండి, చెత్తబుట్ట కన్నా అది ఉపయోగం. అక్కకి డబ్బు సాయం చేయాలనిపిస్తే సాయంగానే చేయండి. సీసాలు కొని చేస్తే, అందులో కొంత భాగమే అక్కకి చేరుతుంది, మిగతాది పైకి పోతుంది.

అత్తగారిని సాక్షిగా లాగకండి. "అత్తయ్య దగ్గుతున్నానని చెప్పింది" అంటే ఇద్దరు కోడళ్ల మధ్య ఆవిడ నలిగిపోతుంది. "రాత్రుళ్లు అత్తయ్య దగ్గు నాకు వినబడుతోంది, వారం ఆపి చూద్దాం" అనండి. అదే నిజం కూడా.

మిగతా వాటన్నిటికీ రెండు మూడు దారులు చెప్పాను గానీ ఫొటో విషయంలో మీకు వేరే దారి చూపించలేను. ఇవ్వకండి. మచ్చ పెరిగిన ముఖాన్ని తగ్గిందని చూపిస్తే, ఆ ఫొటో నమ్మి రాసుకునే అమ్మాయి ముఖం మీ ఖాతాలో పడుతుంది. అప్పటికే గ్రూపులో పెట్టేసి ఉంటే తీసేయమని అడగండి, నవ్వుతూనే అడగండి, తీసేదాకా అడగండి.

ఒక ఆలోచన చెప్తాను, మీకు సరిపోతుందో లేదో మీరే చూసుకోండి. చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు అక్కని తోడు రమ్మనండి. ఎండ సంగతి మీ నోటితో చెప్తే ఫిర్యాదులా వినబడుతుంది, డాక్టర్ చెప్తే అలా ఉండదు. కాకపోతే ఎందుకు రమ్మంటున్నారో ముందే చెప్పి తీసుకెళ్లండి, లేకపోతే అక్కడికి తీసుకొచ్చి పరువు తీశావనుకుంటుంది. రానంటే బలవంతం చేయొద్దు, మీరొక్కరే వెళ్లి రండి. సాయంత్రం అపాయింట్‌మెంట్ తీసుకోండి, ఎండ ఉండదు.